పాటలో ఎవరి పేరు

బరంపురం పాత బస్టాండు పక్క సందులో, మేడ మెట్ల కింద మిగిలిపోయిన మూడు మూలల జాగాలో గురువులు కొట్టు ఉంది. నిలబడితే తల మెట్టుకి తగులుతుంది. కూర్చుంటే మోకాళ్ళు గల్లాపెట్టెకి తగులుతాయి. ఇప్పుడక్కడ ఫోన్ల మీద గాజు అతికిస్తాడు, ఛార్జర్లు అమ్ముతాడు, నీళ్ళలో పడ్డ ఫోన్లని ఆరబెట్టి ప్రాణం పోస్తాడు. పోయడం కుదరకపోతే కాలువలో ఎందుకు పడేశావని యజమానినే తిడతాడు. కానీ ఒకప్పుడు అదే మెట్ల కింద కూర్చుని ఊరినంతటినీ పాడించాడు.

ఇంటర్నెట్టు ఇంత చవక కాని రోజులవి. పాట కావాలంటే ఫోనులోంచి గోరంత మెమరీ కార్డు తీసి గురువులు చేతిలో పెట్టాలి. అతను మనిషి మొహం చూసి పాటలు ఎక్కించేవాడు. ఛత్రపూర్ లైన్లో ఆటో తోలేవాడికి ఒక రకం, మిల్లులో రాత్రి షిఫ్టు వాడికి ఒక రకం, కొత్తగా పెళ్ళయి ఫోను దాచుకుని తిరిగే పిల్లకి ఇంకో రకం. ఒడియా భజనలూ తెలుగు డప్పు పాటలూ పక్క పక్క డబ్బాల్లో అల్లం, బెల్లంలా సర్దుకుని ఉండేవి. పెళ్ళిళ్ళ కాలంలో సందు మొదలు దాకా మనుషులు నిలబడేవారు. రైల్వేలో గ్యాంగుమన్‌గా పట్టాల మీద జీవితం గడిపిన తండ్రి ఒకసారి వచ్చి ఆ జనాన్ని చూసి, "ఏట్రా, రేషన్ కొట్టు ఎట్టినావేటి?" అని మురిసిపోయాడు.

ఆ పాటలేవీ గురువులువి కావు. ఆ సంగతి అప్పట్లో అతనికి తోచనే లేదు. గాలి ఎవరిదని ఎవరైనా అడుగుతారా?

ఒక్క పాట మాత్రం తన సొంతమనుకున్నాడు. సముద్రం పక్క పల్లె మార్కండిలో గంగమ్మ పండగకి వెళ్ళినప్పుడు, ఒడ్డున ఆడవాళ్ళు వలలోంచి చేపలు ఏరుతూ పాడుతుంటే విన్నాడు. అందరిలోకీ కాసమ్మ అనే పెద్దావిడ గొంతు వేరు. ఉప్పుగాలికి ఆరిన తాడులా గరుకుగా ఉంటుంది, కానీ తెగదు. గురువులు ఫోను తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

"నీ పేరేటి నాయినా?" అంది కాసమ్మ.

"గురువులండి. బరంపురం."

ఆమె మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

"అలలమ్మ అలలమ్మ అటు తిరిగి పోవే,
ఒడ్డున నా బతుకు ఒక సీర కొంగే,
ఏ పడవ తెచ్చిందే ఎన్నెల సేప,
బరంపురం గురువులు బాబింటికంప."

వెన్నెల చేపని గురువులు బాబు ఇంటికి పంపమంటోంది పాట. గురువులుకి ఒళ్ళు జల్లుమంది. నలుగురన్నదమ్ముల్లో కడగొట్టువాడు. బళ్ళో మేష్టరు కూడా "ఒరే గ్యాంగుమనోడి కొడకా" అనే పిలిచేవాడు. అతని పేరు అప్పటిదాకా రేషన్ కార్డులో తప్ప ఎక్కడా ఎక్కలేదు. ఇప్పుడు పాటలోకి ఎక్కింది. కొట్టుకి వచ్చిన ప్రతి కార్డులోనూ, అడిగినా అడక్కపోయినా, ఆ పాట ఎక్కించి పంపాడు. కొన్నాళ్ళకి గిరి రోడ్డులో ఆటోలు అతని పేరు పాడుకుంటూ తిరిగాయి.

తర్వాత ఒక పాటల కంపెనీ తరఫు మనుషులు పోలీసుని వెంటేసుకుని వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన కంప్యూటర్లోకి తొంగి చూసి, ఇదంతా దొంగ సరుకన్నాడు.

"బాబూ, దొంగతనమంటే ఆడి దగ్గరది నా దగ్గరకి రావాల," అన్నాడు గురువులు. "పాట ఆళ్ళ దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. మరింకేటి పోయినట్టు?"

కానిస్టేబులు నవ్వాడు. ఇస్త్రీ చొక్కా నవ్వలేదు. కంప్యూటరుని గోనెసంచిలో కట్టి తీసుకుపోయారు. కాసమ్మ పాట కూడా దాంతోపాటే పోయింది. దాన్ని మళ్ళీ ఒక ఆటోవాడి కార్డులోంచి ఎక్కించుకున్నాడు. నలుగురికీ పంచబట్టే మిగిలింది. ఆ పూట నుంచి కాపీరైటు అనే మాట అతని గొంతులో ముల్లయి కూర్చుంది. దొరికిన కాగితమల్లా చదివాడు, చట్టం తెలుగులో ఎక్కడ కనబడినా చదివాడు. దెబ్బ కొట్టిన కర్ర ఏ చెట్టుదో తెలుసుకోవాలనిపిస్తుంది కదా.

అంతలోకి పింటు వచ్చాడు.

పింటు గురువులుకి తోడల్లుడు. దిగపహండి అత్తవారింట్లో పెద్దమ్మాయి ఈశ్వరి గురువులు భార్య, చిన్నమ్మాయి సౌమ్య పింటు భార్య. నాగేంద్రప్రసాద్ అని పెళ్ళి శుభలేఖలో వేశారు గానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. పెళ్ళయిన కొత్తలో పని లేక గురువులు కొట్టుకి వచ్చి కూర్చునేవాడు. పాటలో గాలి చప్పుడు తీసేయడం, గొంతు పైకి తేవడం, రెండు ముక్కలు అతుకు కనబడకుండా కలపడం, అన్నీ గురువులే నేర్పాడు. ఏ సాఫ్ట్‌వేరు మీద? గురువులు పెన్‌డ్రైవులోంచి ఎక్కించిన దొంగ సాఫ్ట్‌వేరు మీద. లైసెన్సు అడిగే కిటికీ తెరుచుకుంటే ఏ మూల నొక్కి మూయాలో కూడా చెప్పాడు.

"అన్నా, నువ్వు లేకపోతే నాను ఏటైపోదునో," అనేవాడు పింటు.

ఏటీ అయిపోలేదు. భువనేశ్వర్ వెళ్ళాడు. తిరిగొచ్చి బరంపురంలో అద్దాల గదితో స్టూడియో పెట్టాడు. ఊళ్ళ వెంట తిరిగి పాతపాటలు పాడించి, కొత్త వాయిద్యాలు కలిపి, ఛానెల్లో పెట్టాడు. లక్షలమంది విన్నారు. కారు కొన్నాడు. ఎవరో మైకు పెడితే, "నాను ఒరిజినల్ సాఫ్ట్‌వేరు తప్ప ఇంకేటీ ముట్టను. దొంగ సరుకు కళకి ద్రోహం," అన్నాడు. గురువులు ఆ ముక్కని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. పుండు మీద కారం తానే చల్లుకోవడం ఎలాగో అప్పుడు నేర్చుకున్నాడు.

ఆ మంట ఎలాంటిదంటే, ఉదయం కొట్టు తెరిచి దీపం పెట్టకముందే పింటు ఛానెల్ చూసేవాడు. చూసినవాళ్ళ లెక్క పెరిగితే టీ చేదుగా ఉండేది. బాగుచేయడానికి వచ్చిన పరాయివాళ్ళ ఫోన్లు తీసుకుని, గాజు సరిగ్గా అతికిందో లేదో చూసే వంకతో, పింటు వీడియోల కింద బొటనవేలు కిందికి ఉన్న గుర్తు నొక్కేవాడు. బరంపురంలో పింటు పాటలు నచ్చనివారి సంఖ్య పెరిగిందంటే అందులో సగం గురువులు చలవే.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ దిగపహండిలో తగిలింది. ఛానెల్‌కి చందాదార్లు లక్ష దాటినందుకు పింటుకి వెండిరంగు పలక ఒకటి పోస్టులో వచ్చింది. అత్తగారు మహాలక్ష్మమ్మ దాన్ని ముందుగదిలో వేలాడదీసింది. ఎక్కడ? గురువులు, ఈశ్వరిల పెళ్ళిఫొటో ఉన్న మేకుకి. ఫొటో లోపలి గదిలో బియ్యం డబ్బా మీదకి పోయింది. దండతో సహా. ఎవరైనా ఏమైనా అంటే బాగుండును. ఎవరూ ఏమీ అనలేదు. అదే అతనికి నిద్రపట్టనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం ఒక కుర్రాడు గాజు అతికించుకోవడానికి వచ్చి, ఫోను చేతిలో పెడుతూ అన్నాడు. "భాయి, జాగ్రత్త. పాట మధ్యలో ఉంది."

లోపల డోలు మోగుతోంది, కీబోర్డు ఈల వేస్తోంది. ఆ రెంటి నడుమ తాడులా గరుకు గొంతు.

"ఏ పడవ తెచ్చిందే ఎన్నెల సేప, బరంపురం పింటు బాబింటికంప."

గురువులు చేతిలో గాజు పగిలింది.

"ఏంటి భాయి!"

"కొత్తది ఏస్తాను, ఉండు."

ఆ సాయంత్రం కొట్టు ముందే మూసి, తన దగ్గరున్న పాత రికార్డింగుని తన ఛానెల్లో పెట్టాడు. ఎప్పటిదో తేదీ రాశాడు, అసలు పాట ఇదీ అని పేరు పెట్టాడు. టీ తాగి వచ్చేలోగా అది మాయమైంది. ఆ చోట బూడిదరంగు పెట్టె. ఈ పాట హక్కులు ఫలానా కంపెనీవి, అని. అదొక ముంబయి కంపెనీ. దాని కింద చిన్న అక్షరాల్లో పింటు స్టూడియో పేరు.

తన ఫోనుతో తను తీసిన పాట. తన పేరున్న పాట. దొంగ సరుకని చెప్పి మళ్ళీ పట్టుకుపోయారు. ఈసారి ఇస్త్రీ చొక్కా లోపల ఉన్నది తోడల్లుడు.

ఫిర్యాదు ఎలా చేయాలో గురువులుకి వచ్చు. ఇన్నాళ్ళు చదివిన చదువు అంతా ఆ రాత్రికోసమే చదివినట్టుంది. పింటు పెట్టిన వీడియో తీసివేయించాలని రాశాడు. ఈ పాటకి హక్కుదారు మీరేనా అని అడిగింది పేజీ. అవునన్నాడు. అబద్ధమైతే శిక్షకి సిద్ధమా అని అడిగింది. సిద్ధమే అన్నాడు. రుజువు ఏమిటి? "పాటలో నా పేరున్నది. నాలుగో లైను వినండి. వాళ్ళు నా పేరు తీసేసి వాళ్ళ పేరు పెట్టుకున్నారు," అని రాసి, పాత రికార్డింగు జతచేసి, నొక్కాడు.

ఒకటి రెండు రోజుల్లో పింటు వీడియో పోయింది. అక్కడా బూడిదరంగు పెట్టే. దాని మీద ఈసారి గురువులు పేరు. అతను దాన్ని పెళ్ళిఫొటో చూసినట్టు చూసుకున్నాడు.

ఇంటికి వేడి జిలేబీ పట్టుకెళ్ళాడు. ఈశ్వరి పొట్లం విప్పి అనుమానంగా చూసింది.

"ఏటండి, మొగం ఇలగ ఎలిగిపోతంది? పింటుకేటైనా అయినాదేటి?"

పెళ్ళాల దగ్గర ఏదీ దాగదు. చెప్పేశాడు. ఆమె చేతిలో జిలేబీ అలాగే ఉండిపోయింది.

"మీ పాటా? మీరెప్పుడు పాడినారు? తానం గదిలో కూడా పాడరు కదా."

"నాను తీసినాను. అందులో నా పేరున్నాది."

"బియ్యం బస్తా మీద కూడా పేరుంటాది. పేరున్నోడు పండించినాడేటి?"

గురువులు జిలేబీ అంతా తనే తిన్నాడు.

ఆ వారంలోనే మామగారి సంవత్సరీకం. దిగపహండి వెళ్ళక తప్పదు. తద్దినం భోజనాలు వరండాలో ఆకులేసి పెట్టారు. గురువులు ఎదురుగా పింటు కూర్చున్నాడు. ఫిర్యాదు ఇచ్చినవాడి పేరు పింటుకి తెలియకుండా ఎలా ఉంటుంది? పెట్టె మీదే రాసి ఉంది. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు గొంతు పట్టుకుంటాడు, అని గురువులు ముద్ద ముద్దకీ ఎదురు చూశాడు. మాటలన్నీ లోపల కూడదీసుకునే ఉన్నాడు.

పింటు పప్పులో నెయ్యి వేయించుకున్నాడు.

మాట సౌమ్య ఎత్తింది. "ఎవుడో సచ్చినోడు మా పాట మీద కంప్లైంటు ఇచ్చినాడంట అమ్మా. ఈయన పేరు అడిగితే సెప్పడు. ఆ పాట పాడిన ముసలమ్మకి గోపాలపూర్ ఒడ్డున పోగ్రాం ఉన్నాది. పెద్ద హోటలోళ్ళు పండగ సేస్తన్నారు. గొడవున్న పాట మా స్టేజీ మీద ఒద్దు అన్నేసినారంట."

"ఓలమ్మ!" అంది మహాలక్ష్మమ్మ. చేతిలో అన్నం గిన్నె ఉంది, సరిగ్గా గురువులు ఆకు దగ్గరికి వచ్చింది. "ముసిల్దాని నోటికాడ కూడు తీసినోడు ఎవుడే? ఆడి సెయ్యి పడిపోను! ఆడి కొంప గుల్లైపోను! ఇంకొంచెం ఎయ్యనా బాబూ?"

"సాలండి," అన్నాడు గురువులు.

"అదేటి, ఏటీ తినలేదు. సిక్కిపోనారు. మా పెద్దదానికి మిమ్మల్ని సూసుకోడం రాదు," అని రెండు గరిటెలు వేసి, "కుక్కసావు సస్తాడు ఆడు," అని పక్క ఆకుకి జరిగింది.

ఈశ్వరి గుమ్మంలో నిలబడి పైకప్పు చూస్తోంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో తెలియదు. పింటు తల ఎత్తలేదు.

పెరట్లో చేతులు కడుక్కునేటప్పుడు ఇద్దరే మిగిలారు. పింటు చెంబుతో నీళ్ళు పోశాడు, చిన్నవాడు పెద్దవాడికి పోసినట్టే.

"కాసమ్మ కొత్త సీర కూడ కొనుక్కున్నాదంట అన్నా," అన్నాడు. అంతే. తువ్వాలు అందించి లోపలికి వెళ్ళిపోయాడు.

పింటు కొట్టి ఉంటే గురువులు ఆ రాత్రి హాయిగా పడుకునేవాడు. కానీ వాడు క్షమించాడు. పాట ఎత్తుకుపోయాడు, మేకు ఎత్తుకుపోయాడు, ఇప్పుడు మంచితనం కూడా వాడే ఎత్తుకుపోయాడు. తనకి మిగిల్చింది ఏమిటి? బస్సులో తిరిగొస్తూ గురువులు పళ్ళు నూరుకున్నాడు. పాట తనదని కాసమ్మ నోటితోనే చెప్పించి, అది వీడియో తీసి, దిగపహండిలో అందరి ముందూ చూపించాలి. అప్పుడు ఎవరి చెయ్యి పడిపోవాలో అత్తగారే తేల్చుకుంటుంది.

మర్నాడు ఛత్రపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. మార్కండి ఒడ్డున పడవలు ఇసకలోకి లాగి ఉన్నాయి. కాసమ్మ గుడిసె ముందు పరిచిన వల మీద ఎండుచేపలు తిరగేస్తోంది. చుట్టూ కాకులు. గురువులుని చూసి కళ్ళు చిట్లించింది.

"నాను గుర్తున్నానా అప్పా? గంగమ్మ పండక్కి నీ పాట తీసినాను. బరంపురం గురువులుని," అన్నాడు, అక్కని పిలిచినట్టు.

"ఎందుకు గుర్తులేవు నాయినా. పాత ఫోనోడివి. అప్పుడు బొజ్జ లేదు నీకు." కర్రతో కాకిని అదిలించింది. "కూకో. సేపలకి దూరంగా కూకో, పంట్లాం పాడైపోద్ది."

గురువులు ఫోను తీసి ఆమె వైపు తిప్పాడు. "అప్పా, ఒక్క మాట సెప్పాల. ఆ పాట ముందు నాకు పాడినావు. నా పేరు కట్టినావు. తరవాత పింటు ఒచ్చి డబ్బు సూపించి, నా పేరు తీయించి ఆడి పేరు ఎట్టించుకున్నాడు. అవునా కాదా?"

కాసమ్మ పక్క గుడిసె వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "ఓలే పుణ్యవతీ! ఇటు రాయే! సంద్రంలో కొట్టుకుపోయినోడు ఒకడొచ్చినాడు, సూద్దువు గాని!"

పక్క గుడిసెలోంచి పుణ్యవతి వచ్చింది. కాసమ్మ ఈడుదే, ముక్కుపుడక పెద్దది.

"ఈ బాబు పేరు పాటలో కడితే పాట ఈ బాబుదైపోనాదంట, ఇన్నావేటే!"

పుణ్యవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇసకలో కూలబడింది. నవ్వు ఆగాక అంది. "అలగైతే ఈ పాటకి ఎంతమంది మొగుళ్ళో! సేపల సావుకారు పేరు కట్టినాం, కోఆపరేటివ్ బాబు పేరు కట్టినాం. తుపానప్పుడు బియ్యం తెచ్చిన సారు పేరు కట్టినాం."

"మొన్న సూది ఏయడానికొచ్చిన నర్సమ్మ పేరు కూడా కట్టినాను," అంది కాసమ్మ. "ఎవరు ముందర నిలబడితే ఆళ్ళ పేరు కడతాం నాయినా. మా అత్త అలగే కట్టేది. ఎదురుగా ఉన్నోడికి మర్యాద అది. నీకు కట్టినాను, నువ్వెల్లిపోనావు. ఆ బాబొచ్చినాడు, ఆ బాబుకి కట్టినాను. ఆడు తియ్యమన్లేదు, నువ్వు ఎట్టమన్లేదు."

గురువులు ఫోనులో వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. అతను ఆపడం మరిచిపోయాడు. నర్సు పేరు కూడా. ఊరంతా తిరిగిన ఆ పేరుని ఇన్నేళ్ళుగా ఛాతీ మీద పతకంలా పెట్టుకు తిరిగాడు. అది పతకం కాదు. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడికీ ఇచ్చే మంచినీళ్ళ గ్లాసు.

"మరి నీ పాటని ఆళ్ళెవరో కంపెనీ రాయించుకుంటే నీకేటీ అనిపించలేదా?" అన్నాడు, ఎక్కడో ఒక చోట గెలవాలని.

"ఏలిముద్ర ఏసినాను. ఏటి రాసినారో ఆ దేవుడికి తెలాల. నువ్వు రాయించుకోలేదు గనక మంచోడివి, అంతేనా? నీకు తెలిస్తే నువ్వూ రాయించుకుందువు." కాసమ్మ పుణ్యవతిని లోపలికి పొమ్మని సైగ చేసి, ఆమె వెళ్ళాక గొంతు తగ్గించింది. "పోగ్రాం ఆగిపోనాదని ఆ బాబు సెప్పినాడు. ఎవుడో అడ్డం పడ్డాడన్నాడు. పేరు సెప్పలేదు. ఇప్పుడు నీ మొగం సూస్తే తెలిసిపోతంది."

గురువులు ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు డబ్బులక్కర్లేదు నాయినా. ఫైలిన్ తుపానప్పుడు ఈ పుణ్యవతి ఫొటో పేపర్లో పడ్డాది. కూలిపోయిన గోడ కాడ నిలబడి ఏడిసిందంతే. అప్పట్నుంచీ ఆ పేపరు ముక్క ఒచ్చినోళ్ళందరికీ సూపిస్తాది. ఆ ఏడుపు నానూ ఏడిసినాను కదా, నా గోడా కూలిపోనాది కదా! దాని ఫొటో ఏసినారు. దాన్ని సూస్తే ఇప్పటికీ నా కడుపు కుతకుతా ఉడికిపోతాది. ఒక్కపాలి నాను ఆ స్టేజీ ఎక్కి పాడితే, అది గుడిసెలో కూకుని ఫోన్లో సూడాల. ఇనాల. అంతే నాకు. కడుపుమంటంటే ఏటో నాకు తెలుసు నాయినా, నాకు సెప్పకు. కాని నాను దాని కూట్లో మన్ను కొట్టలేదు."

ఛత్రపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని గురువులు ఫోను తెరిచాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా, అని పేజీ అడిగింది. వేలు దాని మీద పెట్టి తీశాడు. పెట్టి తీశాడు. నొక్కితే పింటు గెలుస్తాడు. నొక్కకపోతే పుణ్యవతి గెలుస్తుంది. కాసమ్మ మాట మంచిదే, కానీ ఆ మాట వినడం వల్ల మళ్ళీ లాభపడేది పింటే కదా! లోకంలో ఏ మంచిపని చేయబోయినా దాని చివర పింటు ఎందుకు నిలబడి ఉంటాడు? రంభ ఊరు వచ్చిందని ఎవరో దిగారు, తను ఎక్కాల్సిన బస్సు ఇది కాదని అప్పుడు గమనించాడు. బరంపురం వెనక్కి పోయే బస్సు బదులు ఎదురు దిక్కు బస్సు ఎక్కేశాడు. రోడ్డు పక్కన దిగి, నిలబడి, పింటుని ఒక బూతు తిట్టి, నొక్కాడు.

హోటలువాళ్ళు ఒప్పుకున్నారు. పండగరోజు మధ్యాహ్నం పింటు కారు సందు మొదట ఆగింది.

"ఎక్కన్నా," అన్నాడు. ఫిర్యాదు మాటా ఎత్తలేదు, వెనక్కి తీసుకున్న మాటా ఎత్తలేదు. కారులో చల్లగాలి మెత్తగా తగిలింది. ఆ చల్లదనాన్ని కూడా గురువులు ఓర్వలేకపోయాడు. కిటికీ దించుకున్నాడు.

గోపాలపూర్ ఒడ్డున దీపాలింకా వేయలేదు. కాసమ్మ ఆకుపచ్చ చీరలో, తలకి నూనె రాసుకుని, మైకుని పాముని చూసినట్టు చూస్తూ నిలబడింది. పింటు చేయించిన వాయిద్యం ట్రాకు వెనక నుంచి మొదలైంది. ఆమె గొంతెత్తింది. ముందు వరసలో కుర్చీల్లో పకోడీలు తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

గురువులు పండగ లైవు తన ఫోనులో తెరిచాడు. మార్కండిలో పుణ్యవతికి కూడా ఇలాగే కనబడుతూ ఉంటుంది కదా అని. చెవికి ఆనించుకున్నాడు. చప్పుడు లేదు. గుండీ నొక్కాడు, పెంచాడు. బొమ్మలో కాసమ్మ నోరు తెరుస్తోంది, మూస్తోంది. కింద ఒక వరస వచ్చింది. ఈ భాగంలోని సంగీతం హక్కులు వేరొకరివి కాబట్టి శబ్దం తీసివేయబడినది.

ఫోను పింటు మొహం ముందు పెట్టాడు. పింటు పరిగెత్తి హోటలు కుర్రాళ్ళని అడిగాడు. మా చేతిలో లేదన్నారు వాళ్ళు, మిషను ట్రాకుని గుర్తుపట్టేసిందన్నారు. ముంబయి కంపెనీకి ఫోను చేశాడు. ఆడగొంతు ఒకటి ఇంగ్లీషులో, మీ కాల్ మాకు ముఖ్యం, వేచి ఉండండి, అని పదే పదే చెప్పింది. వెనక వీణ మోగింది.

"నీదే కదేటి పాట! నువ్వు సెప్పు ఆళ్ళకి!" అన్నాడు గురువులు.

"నాది కాదన్నా." పింటు ఫోను దించాడు. "రాసిచ్చేసినాను. నాను తీసినవన్నీ రాసిచ్చేసినాను. అప్పుడు కారు వాయిదాలు కట్టాల. నీ పాత వీడియో మీద కూడ నాను ఏయలేదు కేసు, ఆ మిషనే ఏసింది. ఆ కేసు తీసేయండని నాను రాస్తే, నువ్వెవరని అడిగినారు. నా ఛానెల్లో నా పాట నాను రెండోపాలి ఎట్టుకోడానికి కూడ ఆళ్ళనడగాల."

గురువులు కడుపులోకి చల్లటి మజ్జిగ దిగినట్టయింది. ఇన్నేళ్ళలో ఇంత హాయి ఎరగడు. పింటుకీ ఏమీ లేదు! వెండిపలక ఉంది, కింద నేల లేదు! ఆ హాయి వెనకాలే ఇంకోటి వచ్చింది. వేదిక మీద కాసమ్మ కళ్ళు మూసుకుని, మార్కండిలో ఒక గుడిసె వింటోందనుకుని, పాడుతూనే ఉంది. నాలుగో లైనులో ఎవరి పేరు కట్టిందో ఇద్దరిలో ఎవరూ వినలేదు.

జనం చప్పట్లు కొట్టారు. ఆమె మెట్లు దిగి, ఆయాసపడుతూ వచ్చింది.

"ఇన్నాదా? పుణ్యవతి ఇన్నాదా?"

 అంతలో ఆమె నడుం దగ్గర సంచిలో ఫోను మోగింది. పింటు తీసి నొక్కి ఇచ్చాడు. అవతలి గొంతు ఎవరూ చెవి పెట్టక్కర్లేకుండానే వినబడింది.

"ఏటే కాసీ! నోరు ఆడించినావు గాని మాట రాలేదేటే? జనాన్ని సూసి గొంతెండిపోనాదేటి? ఇక్కడందరం నవ్వలేక సచ్చినాం!"

 గురువులు చెప్పాడు, ఉన్నదున్నట్టు, పాట కంపెనీదని, మిషను నోరు నొక్కిందని. ఆమె సగం విని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ ఫోను కూడా ఆళ్ళదేనేటి?"

"కాదప్పా. ఇది నీదే."

"అలగైతే పట్టుకోండి దీన్ని. ఒసే పుణ్యవతీ, ఫోను ఎట్టేయకే! ఊరందర్నీ పిలు!"

వేదిక వెనక జనరేటరు హోరులో, కరెంటు తీగల మధ్య, సముద్రం వైపు తిరిగి నిలబడి కాసమ్మ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ట్రాకు లేదు, మైకు లేదు. తాడులాంటి గొంతు జనరేటరుని తొక్కిపట్టి పైకి లేచింది. అవతల నుంచి పుణ్యవతి ముందు ఏదో వాగింది, తర్వాత ఊరుకుంది.

పింటు వంగి ఫోనుని ఆమె నోటి దగ్గర రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. కాసమ్మ పాడుతూ పాడుతూనే అతని భుజం మీద చెయ్యి వేసింది. పక్కన గురువులు ఆమె చెప్పులూ నీళ్ళసీసా పట్టుకుని నిలబడి, ఆ ఫోను తన చేతికి ఎందుకు ఇవ్వలేదా అని చూస్తున్నాడు.